నల్లముట్టె పురుగుకు కాపలాదారు

కోనసీమ కొబ్బరిని ఎండాకాలంలో ఎక్కువగా పీడించేది నల్లముట్టె పురుగు. ఆకు అడుగున పట్టుదారాలతోనూ తన విసర్జనతోనూ గొట్టంలాంటి గూడు అల్లుకుని, అందులోంచే పత్రహరితాన్ని గీకి తింటుంది. ముదిరితే కింది మట్టలు మంట తగిలినట్టు ఎండిపోతాయి. అంత ఎత్తు చెట్టు మీద, గూట్లో దాగిన పురుగుకు మందు తగిలించడం మాటలతో అయ్యే పని కాదు. వేరు ద్వారా మందు ఎక్కించే పద్ధతి ఉంది కానీ, ఆ తరవాత 45 రోజులు కాయ దింపకూడదు. బొండాల బేరం మీద నడిచే తోటకు అది పెద్ద శిక్ష.

కందిరీగల అవసరం ఇక్కడే వచ్చింది. ఉద్యాన విశ్వవిద్యాలయం కింద పనిచేసే అంబాజీపేట పరిశోధన స్థానంలో గోనియోజస్, బ్రాకన్ అనే రెండు రకాల పరాన్నజీవి కందిరీగలను పెంచుతారు. వీటి మేత కోసం బియ్యానికి పట్టే కోర్సైరా పురుగును నూకలో పనిగట్టుకుని పెంచాలి. ఇంట్లో చేటతో చెరిగి పారబోసేది ఇక్కడ పాడిపశువంత విలువైనది.

గోనియోజస్ ఒంటి పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లే. ఆడది గూట్లోకి దూరి, పురుగును కుట్టి, కదలకుండా చేసి ఒంటిమీద గుడ్లు పెడుతుంది. గుడ్లు పగిలి వచ్చిన పిల్లలు పైనుంచే రసం పీల్చి పురుగును తొక్కగా మిగులుస్తాయి. అంతవరకూ తల్లి అక్కడే ఉంటుంది. ఇంకో ఆడది వస్తే కలబడుతుంది. గుడ్లు పెట్టి తన దారిన పోయే కీటకాల లోకంలో ఇంత తల్లిప్రేమ అరుదు, అదీ ఇంకొకరి శవం మీద. బ్రాకన్‌కు ఈ ఓపిక లేదు. కుట్టడం, గుడ్లు పెట్టడం, మరో పురుగును వెతుక్కోవడం.

గెలుపోటములు తేలేది మాత్రం కాలం లెక్కలో. నల్లముట్టె పురుగు గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. గోనియోజస్‌కు దాదాపు రెండు వారాలు చాలు. అంటే పురుగు ఒక తరం దాటేలోగా కందిరీగ మూడు నాలుగు తరాలు పెరుగుతుంది. అయితే తోటలో పురుగులన్నీ సాధారణంగా ఒకే ఈడులో ఉంటాయి. అవి కోశాలుగా మారాక గోనియోజస్‌ను వదిలితే దానికి తిండి ఉండదు. రైతు మాత్రం కందిరీగలు పనిచేయలేదంటాడు. కందిరీగల సంఖ్య కంటే వదిలే వారం ముఖ్యం. తమిళనాడు సిఫారసు హెక్టారుకు 3,000 చొప్పున, పురుగు రెండో దశలోనో మూడో దశలోనో ఉన్నప్పుడు వదలమంటుంది. మొవ్వులో సాలీళ్లు కాచుకుని ఉంటాయి కాబట్టి అక్కడ వదలకూడదు. అంతకుముందు మందు కొట్టి ఉంటే మూడు వారాలు ఆగాలి. బాగా పాడైన మట్టలు నరికి కాల్చేయడం దీనికి తోడు. పక్క తోటవాడు కలిసి రాకపోతే మాత్రం పురుగు మళ్లీ అటునుంచే వస్తుంది.

వరిలో పద్ధతి వేరు. కాండం తొలిచే పురుగు లోపలికి దూరకముందే దాని గుడ్డును చంపాలి. ఒక మిల్లీమీటరు కూడా లేని ట్రైకోగ్రామా జపానికం ఆ పని చేస్తుంది. కోర్సైరా గుడ్లను అట్టకు అంటించి తయారుచేసే ట్రైకోకార్డులను ముక్కలు చేసి, ఎండ తగ్గాక ఆకు అడుగున గుచ్చుతారు. పరాన్నజీవి చేరిన గుడ్లు నల్లబడతాయి. కార్డు కొనేవారు ముందుగా చూడవలసింది ఆ రంగే. కార్డు మీది గుడ్లను తినేసే చీమలను కూడా లెక్కలో ఉంచుకోవాలి.

2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో బయటపడి, తరవాత గోదావరి జిల్లాల కొబ్బరికీ వ్యాపించిన సర్పిలాకార తెల్లదోమ విషయంలో కందిరీగను ఎవరూ దిగుమతి చేసుకోలేదు. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే కందిరీగ తనంతట తానే ఆ దోమను పట్టింది. దాని బారినపడ్డ దోమ కోశాలు నల్లగా మారతాయి. అలాంటివి కనిపిస్తున్న తోటలో రసాయన మందు కొట్టడమంటే చేతికందిన సాయాన్ని చంపుకోవడమే. ఆ నల్ల కోశాలున్న ఆకులను కోసి, దోమ కొత్తగా పట్టిన తోటలో చెట్లకు కట్టడం ఇప్పుడు సిఫారసు చేస్తున్న పద్ధతి.