చందమామ మీదికి పోయొచ్చిన బట్ట

పోయినవారం కోరుట్లలో ఒక బడివాళ్లు సైన్స్ ఫెయిర్‌కు పిలిస్తే వెళ్లాను. ఏడో తరగతి పిల్లలు వ్యోమగామి సూటు ఒకటి తయారుచేసి నిలబెట్టారు. సిరిసిల్ల తెల్ల పాలిస్టర్ గుడ్డ, దాని మీద అన్నం పొట్లాలకు చుట్టే వెండిరంగు రేకు, బైకు హెల్మెట్, వీపుకు ఒక అట్టపెట్టె. చెయ్యి వంగాలి కదా అని మోచేతుల దగ్గర గుడ్డను కుచ్చులు పెట్టి కుట్టారు. అది చూసి మురిసిపోయాను. అసలు సూట్లలోనూ కీళ్ల దగ్గర ముడతలు ముడతలుగా ఉండేది అందుకే. నేను అక్కడే నిలబడి ఉంటే ఒక పిల్ల అడిగింది: “సార్, రాకేశ్ శర్మ తొడుక్కున్న అసలుది మనూరికి తెప్పియ్యరాదా?”

నా మనసులో మాటే అడిగింది. జనం చూడని వస్తువు ఉండీ లేనట్టే అని నేను ఎప్పటినుంచో వాదిస్తున్న సంగతి ఈ కాలమ్ పాఠకులకు కొత్త కాదు. మ్యూజియం చూడాలంటే హైదరాబాదో ఢిల్లీయో పోవాల్సిందేనా, ఆ వస్తువులే ఒకసారి జగిత్యాలకో సిరిసిల్లకో రాకూడదా అని ఎన్నిసార్లు రాశానో. ఆ సూటు ఢిల్లీలో తీన్‌మూర్తి ఆవరణలోని నెహ్రూ ప్లానెటేరియంలో పెట్టినది. వాళ్లకు ఉత్తరం రాద్దామని, రాసే ముందు దాని సంగతులు తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను.

రాకేశ్ శర్మ హైదరాబాదు నిజాం కాలేజీలో చదివినవాడు. 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టీ-11 నౌకలో అంతరిక్షానికి వెళ్లి, ఏప్రిల్ 11న టీ-10లో దిగాడు. ఆ ప్రయాణానికి తొడిగే రష్యా సూటు పేరు సోకోల్. నౌకలోంచి గాలి బయటికి పోతే ప్రాణం కాపాడే సూటు అది. పైన గట్టి నైలాన్ గుడ్డ, లోపల గాలి పోకుండా రబ్బరు పూసిన పొర. మనిషి ముందువైపు నుంచి అందులోకి దూరతాడు. దూరాక మిగిలిన లోపలి గుడ్డనంతా గుత్తిగా దగ్గరికి తీసి, మెలిపెట్టి, రబ్బరు బ్యాండ్లు బిగించి కడతారు. ఆ మూట మీదుగా పై జిప్పులు వేస్తారు. రాకెట్ ఎక్కే మనిషి ఊపిరి రబ్బరు బ్యాండ్ల ముడి మీద నిలబడుతుందని తెలిశాక ఆ సూటు మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

చిక్కంతా ఆ రబ్బరుతోనే. గాలిలోని ఆక్సిజన్, వెలుతురు, వేడి కలిసి రబ్బరును లోలోపల తినేస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ అది బిరుసెక్కి పెళుసవుతుంది. పైన గుడ్డ నిన్న కుట్టినట్టే ఉంటుంది. చేతిని కాస్త వంచితే మాత్రం లోపలి పొర పగులుతుంది. అతికించే దారి లేదు.

1969లో చంద్రుడి మీద నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ తొడిగిన సూటుదీ ఇదే కథ. 21 పొరలు. అన్నిటికన్నా పైన బీటా క్లాత్, అంటే గాజుపోగుతో నేసి టెఫ్లాన్ పూసిన బట్ట. 1967లో అపోలో 1 అగ్నిప్రమాదంలో ముగ్గురు చనిపోయాక, నిప్పంటుకోని గుడ్డ కావాలని దాన్ని పట్టుబట్టి తెచ్చారు. నిప్పుకు లొంగదు కానీ గాజు గాజే, మడతలో పోగు విరుగుతుంది. లోపలి ప్లాస్టిక్ గొట్టాల్లోంచి మెత్తదనానికి కలిపిన రసాయనం బయటికి ఊరి పక్క పొరలకు మరకలు పట్టిస్తుంది. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్లు 2006లో ఆ సూటును జనం ముందునుంచి తీసేశారు. 2015లో జనాన్నే చందా అడిగితే 7 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. సీటీ స్కాన్లు తీసి, లోపలినుంచి గాలి ఆడే బొమ్మను ప్రత్యేకంగా చేయించి, 2019 జులై 16న మళ్లీ అద్దాల వెనక నిలబెట్టారు. మిగతా సూట్లు చీకటి గదిలో, 16 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో, వెల్లకిలా పడుకోబెట్టి ఉంటాయి. మే నెలలో జగిత్యాల 45 డిగ్రీలు దాటుతుంది. ఆ వెంటనే ముసురు.

2017 నుంచి 2019 దాకా ఆర్మ్‌స్ట్రాంగ్ తిరిగొచ్చిన అపోలో 11 నౌకను హ్యూస్టన్, సెయింట్ లూయిస్, పిట్స్‌బర్గ్, సియాటిల్ ఊళ్లకు తిప్పారు. దాంతోపాటు తోటి వ్యోమగామి ఆల్డ్రిన్ చేతి తొడుగులు కూడా వెళ్లాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ సూటు మాత్రం కదల్లేదు. లోహం ప్రయాణాన్ని తట్టుకుంది. నిండు సూటును మాత్రం నమ్మి లారీ ఎక్కించలేకపోయారు.

ఆ సూట్లు కుట్టినవాళ్ల గురించి చదివాక వారమంతా నాకు వేరే ధ్యాస లేదు. కుట్టింది ఐఎల్‌సీ. ప్లేటెక్స్ పేరుతో ఆడవాళ్ల లోదుస్తులు చేసిన కంపెనీ. ఆ కుట్టుపని తెలిసిన ఆడవాళ్లనే ఈ సూట్ల ముందు కూర్చోబెట్టారు. కుట్టు అంగుళంలో 64వ వంతుకు మించి పక్కకు జరగకూడదు. పొరల మధ్య గుండుసూది మరిచిపోతే చందమామ మీద మనిషి చచ్చిపోతాడు. అందుకే కుట్టిన పొరలకు ఎక్స్‌రే తీసి సూదులు వెతికేవారు. ఆస్పత్రిలో మనుషులకు తీసే ఎక్స్‌రేను గుడ్డకు తీశారంటే ఆ చేతుల మీద ఎంత బరువుందో చూడండి.

సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మోతలో పుట్టి పెరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అంత చప్పుడులో ఒక్క పోగు తెగినా సాంచె ఆపి, రెండు కొసలు వేళ్లతో వెతికి పట్టుకుని, కంటికి కనపడనంత ముడి వేసి మళ్లీ నడిపిస్తారు. పెద్దూరు అపెరల్ పార్కులో మిషన్ల ముందు కూర్చునే ఆడవాళ్లదీ ఆ ఓపికే. 2017 నుంచి బతుకమ్మ చీరలు ఈ ఊరి సాంచాల మీదనుంచి ఇంటింటికీ వెళ్లాయి. నేసిన మనిషి పేరు మాత్రం చీర వెంట వెళ్లలేదు.

సిరిసిల్ల అనగానే అందరూ చెప్పేది నల్ల పరంధాములు నేసిన అగ్గిపెట్టె చీర. ఆయన కొడుకు విజయ్ కూడా అదే విద్య పట్టుకున్నారు. ఆ చీర గొప్పతనం మడతలో ఉంది. మడిచి మడిచి అగ్గిపెట్టెలో దూర్చినప్పుడే జనం నోరు తెరుస్తారు. మ్యూజియంవాళ్లు పట్టుబట్టను మడవొద్దంటారు. ఏళ్ల తరబడి మడిచి ఉంచితే పోగు ఆ గీత వెంటే తెగుతుంది. ఈ మాట సిరిసిల్లలో ఒక పెద్దాయనతో అంటే, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే జవాబు చెప్పాడు: “చూపెట్టేటందుకు మడతవెట్టాలె సారు. దాసుకునేటందుకు చుట్టవెట్టాలె.”

ఆ మాట విన్నాక ఉత్తరం రాయలేదు. చూపడం, దాచడం ఒకే పని అనుకుంటూ నేను ఇన్నాళ్లూ వాదించాను. పెళుసైన బట్ట దగ్గర ఆ రెండూ పగవాళ్లు. హైదరాబాదు బాగేఆమ్ మ్యూజియంలో ఉన్న ఈజిప్టు మమ్మీని చూడండి. దాన్నీ దాని చుట్టూ ఉన్న నారబట్టనూ కాపాడటానికి కొన్నేళ్ల కిందట నైట్రోజన్ నింపిన గాజుపెట్టెలో పెట్టారు. ఆక్సిజన్ తగలకపోతేనే అది నిలుస్తుంది. దాన్ని ఊరూరా తిప్పమని ఎవరూ అడగరు. రాకేశ్ శర్మ సూటునూ అడగకూడదు. మనూరి పేరు మీద ఆ రబ్బరు పొర పగిలితే రేపటి పిల్లలకు ఏం చూపిస్తాం?

కోరుట్ల పిల్లల ఆశ వట్టిపోనక్కర్లేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ సూటును త్రీడీ స్కాన్ చేసి, నిలువెత్తు బొమ్మలు పోయించి 2019లో అమెరికా బేస్‌బాల్ మైదానాల్లో నిలబెట్టారు. పిల్లలు వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగారు. సోకోల్‌కు అలాంటి నకలు చేసే చేతులు సిరిసిల్లలో ఉన్నాయి. ప్లానెటేరియంవాళ్లు కొలతలిస్తే చాలు, గుడ్డ మనది, కుట్టు మనది. నేను రాయబోయే ఉత్తరం ఇప్పుడు దాని గురించే.

ఈలోపు మీ ఇంట్లో పెట్టె తెరవండి. జేజమ్మ పెండ్లిచీర, మెట్‌పల్లి ఖాదీ ధోవతి, ఏదో ఒకటి ఉంటుంది. పాలిథిన్ కవరులో ఉంటే తీసేయండి, లోపల చెమ్మ పట్టి మరకలు పడతాయి. డాంబర్ గోలీలు బట్టకు తగలనీయకండి. ఉతికిన తెల్ల నూలుగుడ్డ పరిచి, మడతల్లేకుండా గుండ్రటి అట్టగొట్టానికి చుట్టి, ఎండ పడని చోట పెట్టండి. ఎవరు నేశారో తెలిసిన పెద్దవాళ్లు బతికి ఉండగానే అడిగి, ఆ పేరు, ఊరు, సంవత్సరం ఒక కాగితం మీద రాసి దాంతోపాటు ఉంచండి.