ఆది జాకెట్టు

బొంతపల్లిలో వీరభద్రస్వామి గుడి దారిలో ఒక చిన్న కుట్టు దుకాణం ఉంది. కంపెనీల షిఫ్టు వదిలే వేళకు నలుగురైదుగురు ఆడవాళ్లు అక్కడ తప్పకుండా ఉంటారు. గడప దాటగానే మిషన్ మీదున్న అక్క అడిగే మాట ఒకటే: "ఆది తెచ్చినవా?"

ఆది అంటే ఒంటికి చక్కగా కుదిరిన పాత జాకెట్టు. దాన్ని బల్ల మీద పరిచి, అరచేత్తో ముడతలు సాపు చేసి, కొత్త గుడ్డ మీద పెట్టి చుట్టూ చాక్‌తో గీస్తే సగం పని అయినట్టే. ఆ మనిషి భుజం వాలు, చంక చుట్టు, వీపు వెడల్పు, నడుము అన్నీ అందులో ఉంటాయి. కాకపోతే ఆ ఒక్క మనిషివే ఉంటాయి. మరొకరికి కుట్టాలంటే మరో ఆది కావాలి.

ఫ్యాషన్ డిజైన్ నేర్పే బడి ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే ఈ ఆది దగ్గరే మొదలుపెట్టాలి. పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్ దర్జీలకూ ఒక రకం ఆది ఉండేది. అది పొడవాటి కాగితం పట్టీ, లేదంటే తోలుకాగితం పట్టీ. దాన్ని ఒంటి చుట్టూ తిప్పి ఛాతీకి ఒక గాటు, నడుముకు ఒక గాటు, చేతి పొడవుకు ఇంకో గాటు పెట్టేవారు. పట్టీ మీద అంకెలుండవు. ఏ గాటు దేనికి గుర్తో పెట్టిన చేతికే తెలుసు. పక్కన కూర్చున్న శిష్యుడు ఏళ్ల తరబడి చూసి చూసి పట్టుకోవాలి. విద్య ఆ దుకాణం గడప దాటేది కాదు.

1841లో ప్యారిస్‌లో అలెక్సీ లవీన్ అనే దర్జీ కత్తిరింపు నేర్పడానికి ఒక బడి పెట్టాడు. తర్వాతి కాలంలో ఫ్రాన్స్ మహారాణి యూజెనీకి గుర్రపుస్వారీ దుస్తులు కుట్టిన పనివాడాయన. ఆయన తర్వాత కూతురు ఆలిస్ గెర్ లవీన్ బడిని నడిపించింది. ఫ్యాషన్ బడులన్నిటిలోకీ పాతదిగా చెప్పుకునే ఆ సంస్థ ఇప్పుడు ఎస్మోడ్ అన్న పేరుతో నడుస్తోంది. దర్జీల మెత్తటి టేపు, గుడ్డ తొడిగిన కుట్టుబొమ్మ అనగానే కూడా లవీన్ పేరే చెబుతారు. ఆ రెండు పనిముట్లూ లేకపోతే ఆ బడి సాగేదే కాదని నా నమ్మకం.

టేపును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఒంటి వంపు వెంట ఒదిగిపోవాలి, కానీ లాగితే సాగకూడదు. ఈ రెండు గుణాలూ ఒకే వస్తువులో కుదరడం తేలిక కాదు. అందుకే ఇప్పటి టేపు లోపల గాజు నూలు ఉంటుంది, పైన ప్లాస్టిక్ పూత ఉంటుంది. వాడకంలో మొదట అరిగేది కొన కాబట్టి అక్కడ రేకు బిగిస్తారు. ఒకవైపు 60 అంగుళాలు, రెండోవైపు సెంటీమీటర్లు. గాటు స్థానంలో అంకె రాగానే లెక్క మొదలైంది. ఛాతీ 36 అంటే నాలుగో వంతు 9, దానికి లూజు, కుట్టు మార్జిన్ కలుపుకోవాలి. ఈ లెక్కను పలక మీద రాయొచ్చు, ఇరవై మందికి ఒకేసారి చెప్పొచ్చు.

అయితే ఒళ్లంతా అంకెల్లోకి రాదు. వీపు ఎక్కడ వంగిందో, భుజం ఎంత వాలిందో టేపు పూర్తిగా చెప్పలేదు. ఆ లోటు తీర్చేది కుట్టుబొమ్మ. కాగితపు గుజ్జు మీద గుడ్డ తొడిగి చేస్తారు గనుక గుండుసూది దిగుతుంది. మెడ, ఛాతీ, నడుము, ముందు నడిమి గీత మీద సన్నటి పట్టీలు అంటించి ఉంటాయి. కోరా గుడ్డను దాని మీద కప్పి, వంపు ఉన్నచోట మడిచి, సూదులు గుచ్చి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, విప్పి బల్ల మీద పరిస్తే మనిషి ఆకారం బల్లపరుపు గీతలుగా మారుతుంది. ఆ గీతలే పేపర్ ప్యాటర్న్. లవీన్ దగ్గర నేర్చుకున్న బెల్జియం శిల్పి స్టాక్‌మన్ 1867లో ఈ బొమ్మల తయారీనే ఒక సంస్థగా పెట్టాడు. అతని పేరు మీద బొమ్మలు నేటికీ అమ్ముడవుతున్నాయి.

ఆ విద్య మన దాకా రావడానికి చాలా కాలమే పట్టింది. న్యూయార్క్‌లో ఎఫ్‌ఐటీ అనే ఫ్యాషన్ కళాశాల 1944లో మొదలైంది. దాని సహకారంతో 1986లో ఢిల్లీలో నిఫ్ట్ అనే ఫ్యాషన్ విద్యాసంస్థను పెట్టారు. 1995లో హైదరాబాద్‌కు నిఫ్ట్ వచ్చింది. ఇప్పుడది మాదాపూర్‌లో ఉంది. 2006 నాటి పార్లమెంటు చట్టంతో సొంతంగా డిగ్రీలిచ్చే అధికారం కూడా నిఫ్ట్‌కు దక్కింది. అక్కడి పిల్లలు నేర్చే ప్యాటర్న్ మేకింగ్, డ్రేపింగ్ పాఠాల వెనక ఉన్నవి ఆ టేపూ ఆ బొమ్మే.

మళ్లీ అక్క బల్ల దగ్గరికి వస్తాను. ఆవిడ ముందున్నది చీరతో వచ్చిన ఎనభై సెంటీమీటర్ల ముక్క. వెనుక భాగాన్ని పడుగు వెంట నిలువుగా పెట్టి కత్తిరించింది. ముందు భాగం దగ్గరికి వచ్చేసరికి ముక్కను ఏటవాలుగా తిప్పింది. ఎందుకు అనడిగితే ఒక కొసను పడుగు వెంట లాగి చూపించింది, గుడ్డ కదల్లేదు. పేక వెంట లాగింది, అంతే. మూల నుంచి మూలకు లాగితే మాత్రం సాగి, వదలగానే మెల్లగా వెనక్కి వచ్చింది. దారాలు తెగకుండానే చిన్న చిన్న చదరాలు వాలి దారి ఇస్తాయి. క్రాస్ కటింగ్ అంటే అదే. ఊపిరి పీల్చినప్పుడు జాకెట్టు పట్టకుండా, వదిలినప్పుడు జారకుండా ఉండేది దానివల్లే.

తర్వాత టక్స్. పల్లీల పొట్లం చుట్టడం చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. చదునైన కాగితాన్ని ఒకవైపు మడిచి అంచు మీద అంచు వేస్తే లోపల గుంట వస్తుంది. గుడ్డలోనూ అంతే, ముక్కోణంలా మడిచి కుడితే ఎదుట ఉబ్బు వస్తుంది. ఒకే పెద్ద మడతతో పని కానిస్తే అక్కడ కొన పొడుచుకొస్తుంది. అందుకని ఆ మడతను నలుగురికి పంచినట్టు పంచుతారు: కింద ఒకటి, హుక్స్ పట్టీ వైపు ఒకటి, చంకలో ఒకటి, పక్కన ఒకటి. నాలుగూ ఒకే బిందువు వైపు చూస్తాయి, ఏదీ దాన్ని ముట్టుకోదు. కాస్త ముందే ఆగిపోతాయి. కొనకు వచ్చేసరికి కుట్టు మడత అంచులోకి సన్నగా జారిపోతుంది. అక్క అక్కడ పెడల్ మీద కాలు తేలిక చేసి, చివరి నాలుగు కుట్లకు చక్రాన్ని చేత్తో తిప్పింది. ఆ నాలుగు కుట్లు చూడ్డానికే నేను రెండోసారి వెళ్లాను.

ఆవిడ దగ్గర పని నేర్చుకునే ఇంటర్ పిల్ల ఒకతి ఉంది. ఆ రోజు ఆ పిల్ల గుడ్డ ముట్టలేదు. చార్టు కాగితం పరిచి, టేపు చూసుకుంటూ ముందు భాగం గీసింది. చంక వంపు రెండుసార్లు చెరిపి గీసింది. మూడోసారికి అక్క తలూపి, "గిప్పుడు కత్తిరించు" అంది. కత్తిరించిన కాగితం మీద పైన 36 అని రాసి, బొక్క చేసి, గోడ మేకుకు తగిలించింది. ఆ మేకుకు అప్పటికే 32, 34 వేలాడుతున్నాయి.