‘అటెలియే’ క్రీడలు - రసవిచారము

వీడియో గేములను గూర్చి తెలుగు శాఖ సంచికలో వ్రాయుట కొందరికి విడ్డూరముగా తోచవచ్చును. కాని లక్షణగ్రంథములను పఠించువారు లక్ష్యము ఎచ్చట లభించినను పరిశీలింపక తప్పదు. రెండేండ్ల క్రిందట మా పరిశోధక విద్యార్థి యొకడు నన్నొక ప్రశ్న యడిగినాడు: “శత్రువు లేడు, యుద్ధము నామమాత్రము, నాయిక యడవిలో మూలికలు కోసికొని వచ్చి కాగులో కలియబెట్టుచుండును. ఇందేమి యున్నదని నేను రాత్రులు మేల్కొనుచున్నాను?” ఆ ప్రశ్నకు అప్పుడు నాయొద్ద సమాధానము లేకపోయినది. ఆ పిమ్మట ఆ క్రీడలను నేనును ఆడి చూచితిని.

జపానులోని నగానో ప్రాంతమున 1993లో ఏర్పడిన గస్ట్ అను సంస్థ 1997లో ప్లేస్టేషన్ యంత్రమునకై ‘అటెలియే మరీ’ యను క్రీడను వెలువరించినది. అటెలియే యనునది ఫ్రెంచి పదము. పనివాని కర్మశాల యని యర్థము. అంతకు పూర్వము ఆ జాతి క్రీడలలో లోకసంరక్షణమే నాయకుని ధర్మము. ఈ క్రీడ యా భారమును తాను దింపుకొనుచున్నానని ప్రకటనలోనే చాటుకొన్నది. నాయిక మరీ విద్యాలయ చరిత్రలో అందరికంటె తక్కువ మార్కులు తెచ్చుకొన్న విద్యార్థిని. ఆచార్యురాలు ఆమెకొక కర్మశాల నిచ్చి, ఐదేండ్లలో తన రసవాదవిద్యకు తార్కాణముగా ఒక వస్తువును చేసి చూపుమనును. కథాబీజ మింతియే. ఇప్పటికి ఈ పరంపరలో ఇరువదికి పైగా క్రీడలు వచ్చినవి. 2025లో ‘యుమియా’ వచ్చినది.

వీనిని మెచ్చువారు సాధారణముగా చెప్పు కారణము విశ్రాంతి. జపాను భాషలో ‘ఇయాషి’ యను మాట కలదు. మనస్సునకు ఉపశమనము కలిగించునదని తాత్పర్యము. 1990 దశకపు చివరి సంవత్సరములలో ఆ మాట అచ్చట మిక్కిలి ప్రచారములోనికి వచ్చినది. ఈ క్రీడలను కూడ ఆ కోవలో చేర్చుట పరిపాటి. మనవారు వినినచో వెంటనే ‘శాంతరసము’ అందురు. నేనును మొదట అట్లే యనుకొంటిని. అది పొరపాటు.

ఏలయన, అభినవగుప్తుని మతమున రసానుభవమే సంవిద్విశ్రాంతి. శృంగారమున నైనను, రౌద్రమున నైనను సహృదయుని చిత్తము విఘ్నములు తొలగి విశ్రమించును. అన్ని రసములకును సమానమైన ధర్మము ఒక రసమునకు వ్యావర్తకము కాజాలదు. ఇక శాంతమునకు స్థాయి నిర్వేదమందురు కొందరు, తత్త్వజ్ఞానమందురు కొందరు. కాగుముందు నిలిచిన మరీకి ఈ రెండింటిలో ఏదియు లేదు. ఆమెకు కావలసినది డబ్బు, మంచి పాత్రసామగ్రి, మరికొన్ని దినములు!

ఆమెయందు స్థాయిగా నిలుచునది ఉత్సాహము. చేయదగిన వస్తువు ఆలంబనము. తరిగిపోవుచున్న దినములును, మారుచున్న ఋతువులును ఉద్దీపనములు. చింత, మతి, ఔత్సుక్యము, ధృతి, హర్షము సంచారులు. ఉత్సాహము స్థాయి యైనపుడు రసము వీరము కావలెను. ప్రతినాయకుడు లేని వీరమా యని శంకింపవచ్చును. దానవీర, దయావీరములకు మాత్రము ప్రతినాయకు డెక్కడ? జగన్నాథపండితుడు రసగంగాధరమున వీరమునకు నాలుగే భేదములను నియమమును ప్రశ్నించి, సత్యవీర పాండిత్యవీరాదులను కూడ చెప్పవచ్చునని చూపినాడు. ఆ త్రోవలో నడచి దీనిని ‘శిల్పవీర’ మనిన దోషము కానరాదు. పేరు నాకంత ముఖ్యము కాదు.

ముఖ్యమైనది ఆ కలయిక జరుగు తీరు. ఈ క్రీడలలో ఒక వస్తువునకు కావలసిన ద్రవ్యమును చాలచోట్ల పేరుతో గాక జాతితో చెప్పుదురు: ఏదేని ఒక జలము, ఏదేని ఒక లోహము అని. ఏ నీటిని ఎన్నుకొనవలె ననునది ఆడువాని వివేకము. మొదటి క్రీడలను విడిచినచో, తరువాతి వానిలో ప్రతి ద్రవ్యమునకును నాణ్యము, గుణములు ఉండును. ఆ గుణములు చేసిన వస్తువునకు సంక్రమించును. ఆ వస్తువే మరల వేరొకదానికి ద్రవ్యమగును. కొండపై ఏరిన పనికిమాలిన గడ్డిపోచలోని గుణ మొకటి నాలుగు మెట్లు దాటి కడపటి వస్తువునందు తేలినపుడు కలుగు సంతోషము, పూర్వపద్యమున నాటిన మాట యుత్తరపద్యమున ఫలించుట కనిపెట్టిన పాఠకుని సంతోషమునకు దగ్గరగా నుండును. హాస్యమును లేకపోలేదు. ముండ్లతో చెస్ట్‌నట్ కాయవలె నున్న దానిని ఈ క్రీడలు ‘ఉని’ యనును. జపానులో ఆ మాటకు సముద్రజీవి యొకటి యర్థము. శత్రువుపై దానినే విసరుదురు. 2009 నాటి ‘రొరొనా’లో నాయిక రసవాదపు కాగులోనే పిండివంటలు చేయును.

ఇచ్చట ఒక వివాదమున్నది. ‘మరీ’లో ఒక మందు చేయుటకు దినములు గడచును, అడవికి పోయి వచ్చుటకు దినములు గడచును. పిల్లదేవతలకు జీతమిచ్చి పని యప్పగింపవచ్చును గాని ఆ జీతమును సంపాదింపవలెను. ‘రొరొనా’లో మూడేండ్లకు పండ్రెండు పనులు, తప్పినచో కర్మశాల మూతపడును. 2010 నాటి ‘తొతొరి’లో పల్లెకారుల గ్రామపు బాలిక కనబడకపోయిన తల్లిని వెదకును. సముద్రము దాటుటకు నౌక కావలెను. దాని భాగములను తన కాగులో తానే చేసికొనవలెను. అంత శ్రమపడి యావలి యొడ్డు చేరిన యామెకు కనబడునది తల్లి సమాధి. క్రీడయందు ఒక్కమారుగా కరుణ ప్రవేశించును. పలక మేకు మొదలు మన చేతులతో చేసిన నౌక మనలను అచ్చటికి చేర్చినదను ఎరుక యా కరుణకు బలము. చూచుటకు మాత్రమే యలవాటుపడిన దృశ్యకావ్యము ఈ బలమును ఇట్లు సంపాదింపలేదు. సాధారణీకరణమును గూర్చి మనము చేయు చర్చలో కర్తృత్వమునకు చోటు లేకపోవుట ఒక లోపమని నాకు తోచినది ఇచ్చటనే.

ఈ దినగణనము బాధాకరమని పలువురు మొరపెట్టగా, తరువాతి క్రీడలు క్రమముగా దానిని సడలించినవి. 2015 నాటి ‘సోఫీ’లో గడువు లేదు. 2019 నాటి ‘రైజా’లోను లేదు, ఆ క్రీడ యీ పరంపరలోని పూర్వక్రీడలన్నిటికంటె ఎక్కువగా అమ్ముడుపోయినది. ‘సోఫీ’ ఆ లోటును వేరు తెరువున పూరించుకొన్నది: నాయికకు తయారీ విధానములు పుస్తకమునుండియే గాక తాను చేసిన పనులనుండియు తట్టును. అందు ఉత్సాహమునకు ఉద్దీపనము అనుభవము. ‘రైజా’ వలయములతో కూడిన కలయికపటము చూచుటకు ముచ్చటైనది, గ్రామపు బాలబాలికల మైత్రి సహజమైనది. అయినను అందు ఎంతసేపు ఏరినను, ఎంత తడవు చేసినను తొందర లేదు. ధృతి మిగిలినది, ఔత్సుక్యము వెలవెలబోయినది. అమ్మకములను ప్రమాణముగా కొనువారు నాతో నేకీభవింపరు. అందుకు నాకు చింత లేదు.

2023లో ‘అటెలియే మరీ’ని మరల నిర్మించినపుడు ఐదేండ్ల గడువును, గడువులేని పద్ధతిని, రెండింటిని ఎదుట పెట్టి కోరుకొమ్మనిరి. నేను రెండును ఆడితిని. మరీకి షియా యను నెచ్చెలి యున్నది, ఆమె వ్యాధిగ్రస్త. ఆమెకు మందు మరీయే చేయవలెను. చేయుటకు చాల కాలము, దుర్లభ ద్రవ్యములు కావలెను. పరీక్షకు దానితో పని లేదు. చేయుమని నిర్బంధించువారును లేరు. గడువున్న పద్ధతిలో ఆ మందునకై వెచ్చించిన ప్రతిదినమును నా పరీక్షనుండి తీసి యిచ్చినదే. నాలుగవయేట దానిని చేసి షియా యింటికి తీసికొనిపోయితిని. గడువులేని పద్ధతిలోను చేసితిని. ఎప్పుడు చేసితినో నాకు జ్ఞాపకము లేదు.