ఎనిమిదో నంబరా, తొమ్మిదో నంబరా?

వాతావరణ వార్త రాయడం డెస్కులో కొత్తగా చేరినవాళ్లకు అంటగట్టే పని. సీనియర్లు రాజకీయాలు, జిల్లా పరిషత్తు, సినిమా పంచుకున్నాక మిగిలేది వాయుగుండమే. కాకినాడలో నేను చేరినప్పుడూ అదే నా వాటాకు వచ్చింది. అందులో రాయడానికేముంది, వచ్చింది వచ్చినట్టు దించెయ్యడమేగా అన్నారు. ఆ డెస్కు వదిలేసి చాలా ఏళ్లయింది. అయినా అక్టోబరు వచ్చిందంటే మధ్యాహ్నం పూట ఢిల్లీ తుపాను కేంద్రం వాళ్ల బులెటిన్ ఒకసారి చూడందే నాకు అన్నం సయించదు.

చూడ్డానికి అంత పొడి రాత ఇంకోటి ఉండదు. బంగాళాఖాతం ఒక పేరా, అరేబియా సముద్రం ఒక పేరా. ఏ అక్షాంశం నుంచి ఏ అక్షాంశం దాకా మేఘాలు పట్టాయి, ఎక్కడ దట్టంగా ఉన్నాయి, గాలి ఎన్ని నాట్లు. కింద ఒక పట్టిక: రాబోయే ఏడు రోజుల్లో వాయుగుండం పుట్టే అవకాశం లేదు, తక్కువ, మోస్తరు, ఎక్కువ. ఏడాదిలో చాలా రోజులు ఆ గడుల నిండా ‘లేదు’ అనే ఉంటుంది. వేళలు గ్రీనిచ్ లెక్కలో ఇస్తారు కాబట్టి అయిదున్నర గంటలు కలుపుకోవాలి. నాటును 1.85తో గుణిస్తే కిలోమీటర్లు. కొన్నాళ్లకు ఈ లెక్కలు ఎక్కాల్లాగే నోటికొచ్చేస్తాయి.

ఆ ‘లేదు’ గడి ‘తక్కువ’గా, ‘తక్కువ’ ‘మోస్తరు’గా మారడం మనకు ఎక్కువగా రెండు కాలాల్లో కనిపిస్తుంది. ఒకటి వేసవి చివర, రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నడుమ నైరుతి రుతుపవనాల నెలల్లో సముద్రం వెచ్చగానే ఉంటుంది గానీ, కింద ఒక దిక్కుకీ పైన ఇంకో దిక్కుకీ గాలులు బలంగా వీస్తుంటాయి. మేఘాల గోపురం నిలబడేలోపే తల ఒకవైపూ మొండెం ఒకవైపూ అయిపోతుంది. అందుకే ఆ నెలల్లో అల్పపీడనాలు, వాయుగుండాల దగ్గరే కథ ఆగుతుంది. రుతుపవనాలు వెనక్కి తగ్గాక ఆ అడ్డు పోతుంది. పైగా గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మన గోదావరి, కృష్ణ వానాకాలమంతా తెచ్చి పోసిన మంచినీళ్లు బంగాళాఖాతం పైన ఒక పొరలా పరుచుకుంటాయి. తేలికపాటి నీళ్లు కదా, అడుగునున్న చల్లటి ఉప్పునీళ్లతో తొందరగా కలవవు. పైపొర వేడి పైపొరలోనే ఉండిపోతుంది. తుపానుకు కావలసింది అదే. 1977 దివిసీమ నవంబరు 19న, 1996 కోనసీమ నవంబరు 6న, 2014 హుద్‌హుద్ అక్టోబరు 12న. చిత్త, స్వాతి, విశాఖ కార్తెల్లో చేలో పంట ఉన్న రైతు ఆకాశం వంక ఊరికే చూడడు.

అసలు నేను చెప్పదలచుకున్నది నంబర్ల సంగతి. ‘మచిలీపట్నం పోర్టులో ఎనిమిదో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని వార్త వస్తుంది. మర్నాడు ‘కాకినాడలో తొమ్మిదో నంబరు’ అని వస్తుంది. చదివేవాళ్లు ఏమనుకుంటారు? తొమ్మిది ఎనిమిది కంటే ఒక మెట్టు ఎక్కువ, పది ఇంకా ఎక్కువ. టీవీల్లో కూడా ‘ప్రమాదం మరో మెట్టు పెరిగింది’ అని అరుస్తారు. అది మెట్ల లెక్క కాదు.

ఈ ఏర్పాటు వయసు నూట అరవై ఏళ్లు. 1864 అక్టోబరు 5న కలకత్తాను తుపాను ముంచింది. నెల తిరక్కముందే నవంబరు 1న ఇంకోటి బందరు మీద పడి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి సంవత్సరం కలకత్తా రేవులో తుపాను హెచ్చరికలు మొదలుపెట్టారు. వాతావరణ శాఖ పుట్టింది ఆ తరవాత, 1875లో. రేవులో ఎత్తైన స్తంభానికి పగలు శంకువుల్లాంటి గుర్తులు, రాత్రి దీపాలు కట్టేవారు. అది ఓడ నడిపేవాడి కోసం పుట్టిన భాష, ఊళ్లోవాళ్ల కోసం కాదు.

ఆ భాషలో ఒకటి, రెండు అంటే ఎక్కడో దూరాన సముద్రంలో ఏదో ఉందని. మూడు, నాలుగు అంటే రేవు దగ్గరే వాతావరణం చెడబోతోందని. అయిదు, ఆరు, ఏడు ఒక జట్టు, తుపానుకు. ఎనిమిది, తొమ్మిది, పది ఇంకో జట్టు, తీవ్ర తుపానుకు. జట్టు మారితే తీవ్రత మారినట్టు. జట్టు లోపల మారేది దిక్కు. అయిదు, ఎనిమిది అంటే తుపాను దారికి రేవు ఎడమ పక్క ఉండబోతోంది. ఆరు, తొమ్మిది అంటే కుడి పక్క. ఏడు, పది అంటే రేవు మీదుగానో, దాన్ని ఆనుకునో పోబోతోంది. పదకొండు అన్నిటికంటే విచిత్రం: వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడ చూస్తే వాలకం బాగాలేదు అని.

ఈ కుడి ఎడమల విలువ నాకు తెలియజెప్పింది పుస్తకం కాదు, ఉప్పాడ వైపు నుంచి ఆఫీసుకు ఫోన్ చేసిన ఒక పెద్దాయన. సముద్రం మీద బతికినవాడని గొంతు వింటేనే తెలుస్తోంది.

“నంబరు సంగతి అలా ఉంచండి బాబూ. మనకి దక్షిణాన దాటుద్దా, ఉత్తరానా?”

“ఏదైతే ఏముందండీ, గాలి గాలేగా?” అన్నాను.

“భలేవారే! దక్షిణాన దాటితే సముద్రం ఊళ్లోకొస్తది. పడవలు రోడ్డెక్కించాల. ఉత్తరాన దాటితే పడమటి గాలి కొడుద్ది, కట్టిన పడవని సముద్రంలోకి తోసేద్ది. అప్పుడు తాళ్లు రెండేసి కట్టాల. చెప్పండి, తాళ్లు చూసుకోమంటారా, మనుషుల్ని పిలవమంటారా?”

పాఠం మొత్తం అందులోనే ఉంది. మన వైపు తుపాను గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. పడమరగా వచ్చే తుపానుకు కుడి పక్క అంటే ఉత్తరం. అక్కడ గాలి సముద్రం మీంచి నేల మీదికి వీస్తుంది, నీళ్లను తోసుకొస్తుంది. ఎడమ పక్క నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. 1977లో తుపాను దాటింది నిజాంపట్నం, చీరాల వైపు. దివిసీమ దానికి కుడి పక్కన పడింది. అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చి సుమారు 10 వేల ప్రాణాలు పోయాయి. అంటే రేవు గోడ మీద తొమ్మిది చూసినవాడు నీళ్ల గురించి ఆలోచించాలి. పది చూసినవాడికి ఇంకో జాగ్రత్త ఉంది: నడి మధ్యలో గాలి చప్పున ఆగిపోతుంది. హుద్‌హుద్ కన్ను విశాఖ మీదికి వచ్చినప్పుడు అదే జరిగింది. అయిపోయిందనుకుని బయటికొచ్చినవాళ్లను రెండో విడత గాలి ఎదురు దిక్కునుంచి అందుకుంటుంది.

అలాగని నంబర్లూ తీవ్రతలూ అన్నీ చెప్పేస్తాయనీ కాదు. వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను అనే వరస అంతా గాలి వేగాన్ని బట్టి కట్టింది. గంటకు 62 కిలోమీటర్లు దాటితేనే తుపాను, పేరు పెట్టేది అప్పుడే. వాన ఆ వరసలో ఎక్కడా లేదు. 2020 అక్టోబరు 13 పొద్దున కాకినాడ దగ్గర దాటింది ఉత్త తీవ్ర వాయుగుండమే, దానికి పేరు కూడా లేదు. ఆ రాత్రే హైదరాబాద్ కాలనీల్లో పడవలు తిరగాల్సి వచ్చింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. మునిగింది చెన్నై, అదీ దాటడానికి ముందు, తుపాను ఇంకా సముద్రంలో ఉండగానే. తీరం దాటే చోటు మీద సూది గుచ్చినట్టు చూపు నిలిపితే ఇవి కంటబడవు.

ఇప్పుడు ప్రతి ఫోన్లోనూ రంగురంగుల గాలి పటం ఉంది. మనవాళ్లు 110 అంటుంటే అమెరికావాళ్ల లెక్క 130 చూపిస్తోందేమిటి, దాస్తున్నారా అని అడిగేవాళ్లు నాకు ఏటా తగులుతారు. దాచేదేమీ లేదు. మన శాఖ మూడు నిమిషాల సగటు తీస్తుంది, వాళ్లు ఒక నిమిషం సగటు తీస్తారు. తక్కువసేపు కొలిస్తే పెద్ద అంకె రావడం సహజం. ఆ పటాలకంటే నాకు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇచ్చే అలల హెచ్చరిక మీద గురి ఎక్కువ. ఆకాశంలో మబ్బు తునక లేని రోజున కూడా వేల కిలోమీటర్ల దక్షిణాన పుట్టిన అల మన ఒడ్డును కొట్టగలదు; గాలి పటంలో అది కనిపించదు.

నేను డెస్కులో ఉండగా రెండు మూడు సార్లు అడిగాను, హెచ్చరిక వార్తలో ఒక్క వాక్యం కలుపుదామని: ఫలానా రేవు తుపాను దారికి కుడివైపు, లేదా ఎడమవైపు. స్థలం లేదన్నారు. తుపానుకు ఆ పేరు పెట్టింది ఒమనా, థాయిలాండా, దాని అర్థమేమిటో చెప్పే పెట్టెకు మాత్రం మొదటి పేజీలో చోటు ఏనాడూ కరవు కాలేదు.