కొత్త నీటిలో చేపను కాపాడే ఆరు వారాలు

దుబాయ్ వర్సాన్‌లోని పక్షులు, పెంపుడు జంతువుల మార్కెట్‌లోనూ, షార్జాలోని పక్షుల మార్కెట్‌లోనూ చేపల దుకాణాల ముందు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన కుటుంబాలు ఆగుతుంటాయి. అద్దాల తొట్టి, ఫిల్టర్, రాళ్లు, ప్లాస్టిక్ సంచుల్లో చేపలు అన్నీ ఒకే సాయంత్రం కారెక్కి ఫ్లాట్‌కు చేరతాయి. ఆ రాత్రికే హాల్లో తొట్టి దీపం వెలుగుతుంది. నీళ్లు తేటగా ఉంటాయి. అయినా వారం పది రోజుల్లో చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, రెక్కలు ముడుచుకుంటాయి, ఒకటీ అరా చనిపోతాయి. జబ్బు చేపలు అంటగట్టారని దుకాణదారు మీద అనుమానపడతారు. చాలాసార్లు చేపల్లో ఏ జబ్బూ ఉండదు. నీటిని శుభ్రం చేసే సూక్ష్మజీవులు ఆ తొట్టిలో ఇంకా పుట్టి పెరగలేదు, అంతే.

ఆ సూక్ష్మజీవుల్ని పెంచుకోవడాన్నే అక్వేరియం పెంపకందారులు సైక్లింగ్ అంటారు. చేపల్ని తేకముందే, ఖాళీ తొట్టిలో కొద్దికొద్దిగా అమ్మోనియా వేస్తూ ఈ పని పూర్తిచేసే పద్ధతి ఉంది. ఇంకా చేపలు కొననివారు ఆ దారినే పట్టాలి. అందులో ఏ ప్రాణీ బాధపడదు. కానీ చేపలు అప్పటికే తొట్టిలో ఈదుతుంటే వెనక్కి పోలేం. అలాంటప్పుడు పెంపకందారులు తరతరాలుగా నేర్చుకుంటూ వచ్చిన పాత విద్యే దిక్కు. దాని సారం ఒక్కటే: బ్యాక్టీరియా వచ్చేదాకా బ్యాక్టీరియా చేయాల్సిన పనిని మనిషి తన చేతులతో చేయాలి.

చేప తిన్న మేతలోని ప్రోటీన్ అరిగాక మిగిలే నత్రజని చాలావరకు మొప్పల గుండా అమ్మోనియాగా బయటికి వస్తుంది. అడుగున కుళ్లే మేత, మలం దానికి తోడవుతాయి. ఒక రకం సూక్ష్మజీవులు ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ కొంత పేరుకున్నా చేపలు తట్టుకుంటాయి, వారం వారం నీళ్లు మారిస్తే అదీ తగ్గుతుంది. ఈ గొలుసు మొత్తం ఫిల్టర్ స్పాంజ్ మీదా, రాళ్ల మీదా అంటుకున్న సన్నని జిగట పొరలో నడుస్తుంది.

ఆ పొర త్వరగా ఏర్పడదు. మన పేగుల్లో ఉండే ఇ.కోలై బ్యాక్టీరియా అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. నత్రజని మీద బతికే ఈ జీవులకు అందుకు గంటలు, ఒక్కోసారి రోజు కూడా పడుతుంది. 1877లో ఫ్రాన్స్‌లో ష్లోసింగ్, మ్యూంజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మురుగునీటిని ఇసుక, సున్నపురాయి పొడి నింపిన గొట్టం గుండా నెమ్మదిగా పంపించారు. మొదటి ఇరవై రోజులు ఏ మార్పూ లేదు. తర్వాత అమ్మోనియా తగ్గుతూ నైట్రేట్ రావడం మొదలైంది. గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపితే ఆ మార్పు ఆగిపోయింది. ఇది జీవులు చేసే పని అని అలా రుజువైంది. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ ఆ జీవుల్ని విడదీసి చూపించాడు. 1990లలో అక్వేరియం ఫిల్టర్లను పరిశీలించినప్పుడు, నైట్రైట్‌ను మార్చే పని ఎక్కువగా నైట్రోస్పైరా జాతి చేస్తోందని తేలింది. ఇన్ని తెలిసినా ఆ గొట్టం నేర్పిన పాఠం మారలేదు. మొదటి కొన్ని వారాలు ఓపిక పట్టాల్సిందే.

ఈ పాఠం గోదావరి, కృష్ణా డెల్టాలవారికి కొత్తేమీ కాదు. భీమవరం, ఉండి, కైకలూరు చుట్టుపక్కల చేపల, రొయ్యల చెరువుల గట్ల మీద పెరిగి యూఏఈకి వచ్చినవారికి అమ్మోనియా అన్న మాట చిన్నప్పటినుంచీ పరిచయమే. చెక్ ట్రేలో మేత మిగిలిందా అని చూడటం, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని ఏరియేటర్లు తిప్పడం, నీటి పరీక్ష చేయించి మేత తగ్గించడం అక్కడ రోజువారీ సేద్యం. అదే జ్ఞానాన్ని వంద లీటర్ల తొట్టికి కుదించుకుంటే చాలు. లెక్క కూడా అదే. 35 శాతం ప్రోటీన్ ఉన్న మేత ఒక గ్రాము వేస్తే సుమారు 30 మిల్లీగ్రాముల నత్రజని అమ్మోనియాగా నీటిలో చేరుతుంది. వంద లీటర్లలో అది లీటరుకు 0.3 మిల్లీగ్రాములు. పిల్లవాడు ముచ్చటపడి చిటికెడు చిటికెడుగా రోజుకు నాలుగుసార్లు వేసే మేత ఈ లెక్కలో ఎంతవుతుందో ఊహించుకోవచ్చు. అందుకే తొలి వారాల్లో మేత రోజు విడిచి రోజు, రెండు నిమిషాల్లో తినేసేంత మాత్రమే వేయాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప నాలుగైదు రోజులు తిండి లేకపోయినా తట్టుకుంటుంది. అమ్మోనియాను అలా తట్టుకోలేదు.

యూఏఈ నీటికి తనదైన స్వభావం ఉంది. కుళాయిలో వచ్చేది ఎక్కువగా సముద్రపు నీటిని మంచినీరుగా మార్చినది. దుబాయ్‌లో ఆ పని ప్రధానంగా జెబెల్ అలీలో జరుగుతుంది. ఉప్పుతోపాటు ఖనిజాలూ పోతాయి కాబట్టి, పైపులు తుప్పు పట్టకుండా మళ్లీ కొంత సున్నపు గుణం చేర్చి, పీహెచ్‌ను క్షారం వైపు ఉంచుతారు. సూక్ష్మక్రిములు చేరకుండా క్లోరిన్ కలుపుతారు. పీహెచ్, క్లోరిన్, వీటికి తోడు ఇక్కడి వేడి, ఈ మూడూ తొట్టిలో లెక్కకొస్తాయి.

మొదటిది పీహెచ్. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అయాన్ చేపను పెద్దగా బాధించదు. స్వేచ్ఛా అమ్మోనియా మొప్పల్ని కాలుస్తుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మొత్తంలో అర శాతానికి కాస్త ఎక్కువే విష రూపంలో ఉంటుంది. పీహెచ్ 8కి చేరితే అది ఐదు శాతం దాటుతుంది. అదే నీరు 30 డిగ్రీలకు వేడెక్కితే ఏడున్నర శాతానికి వస్తుంది. టెస్ట్ కిట్ చూపేది మొత్తం అమ్మోనియానే. ఆ అంకె లీటరుకు 0.5 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. పీహెచ్ 7, 25 డిగ్రీల తొట్టిలో విష భాగం 0.003 మాత్రమే. పీహెచ్ 8, 30 డిగ్రీల తొట్టిలో అది 0.037. పెంపకందారులు సాధారణంగా పాటించే హద్దు 0.02. అంటే బెంగళూరులో చల్లని గదిలో ఉన్న తొట్టికి ఫరవాలేదనిపించే అంకె అల్ నహ్దా ఫ్లాట్‌లో చేపను కుంగదీయగలదు. ఇక్కడ 0.25 కనిపించగానే బకెట్ చేతిలోకి తీసుకోవాలి.

రెండోది వేడి. మే నుంచి సెప్టెంబర్ దాకా మిద్దె మీది ట్యాంకు నీళ్లు కుళాయిలో కాలుతూ వస్తాయి. వేసవిలో గీజర్ ఆపేసి, అందులో నిలిచిన నీటినే చన్నీళ్లుగా వాడుకోవడం ఇక్కడివారికి అలవాటు. ఆ వేడి నీటిని నేరుగా తొట్టిలో పోస్తే చేపకు దెబ్బ. వేడి పెరిగేకొద్దీ నీరు పట్టుకునే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాములు దాటి కరిగే ఆక్సిజన్ 35 డిగ్రీల దగ్గర ఏడుకు కాస్త తక్కువే. చేపకూ, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాకూ ఊపిరి అదే. అందుకని ముందురోజే బకెట్లలో నీళ్లు పట్టి, ఏసీ గదిలో ఉంచి, థర్మామీటర్‌తో చూసి, తొట్టి నీటితో సమానమయ్యాకే పోయాలి. సన్నని ధారలా పోస్తే మరీ మంచిది.

మూడోది క్లోరిన్. అది చేప మొప్పలకూ హాని, కొత్తగా పుట్టుకొస్తున్న బ్యాక్టీరియాకూ హాని. సోడియం థయోసల్ఫేట్ ఉన్న కండిషనర్ సీసాలు ప్రతి చేపల దుకాణంలో దొరుకుతాయి. నీళ్లు తొట్టిలో పడకముందే, బకెట్‌లో ఉండగానే కలపాలి.

ఇక దినచర్య. వంద లీటర్ల తొట్టికి ఐదారు చిన్న చేపలు మించకూడదు. ఎన్నుకోవాల్సి వస్తే జీబ్రా డానియో మంచి తోడు. ఇది మన ఉపఖండపు వాగుల చేప. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద 1822లో వెలువరించిన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. సాధారణంగా ఐదు సెంటీమీటర్లు దాటదు, గుంపుగా తిరుగుతుంది, ఒడుదుడుకులు తట్టుకుంటుంది. తట్టుకుంటుంది కదా అని బాధపెట్టడం సరికాదు. దాని గట్టిదనం మన పొరపాటుకు దొరికే చిన్న వెసులుబాటు మాత్రమే. గోల్డ్‌ఫిష్, ఆస్కార్ లాంటి పెద్ద తిండిపోతు చేపల్నీ, సున్నితమైన నియాన్ టెట్రాల్నీ ఈ దశలో తేకూడదు.

రోజూ ఒకే సమయానికి అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష చేయాలి. కాగితపు పట్టీలకన్నా చుక్కల మందు కిట్ నమ్మదగినది. మొదటి ఒకటి రెండు వారాలు అమ్మోనియా పెరుగుతుంది. ఆ తర్వాత అది తగ్గుతూ నైట్రైట్ లేస్తుంది. చివరికి రెండూ సున్నాకు దిగి నైట్రేట్ మిగులుతుంది. మొత్తానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు. ఈలోగా అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ హద్దు దాటిన ప్రతిసారీ నీళ్లు మార్చాలి. సగం నీళ్లు మారిస్తే విషం సగమవుతుంది. ఇంతకన్నా నమ్మకమైన మందు లేదు. నీళ్లు మారిస్తే బ్యాక్టీరియా పోతుందని చాలామంది వెనకాడతారు. బ్యాక్టీరియా ఉండేది ఎక్కువగా స్పాంజ్ మీద, రాళ్ల మీద. ఈదే నీళ్లలో ఉండేది చాలా తక్కువ. మిగిలిన కొద్దిపాటి అమ్మోనియా దానికి తిండిగా సరిపోతుంది.

నైట్రైట్ దశలో చేప రక్తం ఆక్సిజన్ మోసే శక్తి కోల్పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. అప్పుడు ఉప్పు ఆదుకుంటుంది. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డుపడుతుంది. అయోడిన్ కలపని ఉప్పు ఐదు గ్రాములు వంద లీటర్లలో కరిగిస్తే లీటరుకు 30 మిల్లీగ్రాముల క్లోరైడ్ చేరుతుంది. కొద్దిపాటి నైట్రైట్‌కు అది చాలు. కానీ ఉప్పు వేశాం కదా అని నీళ్లు మార్చడం మానకూడదు.

ఈ ఆరు వారాల్ని మూడుకో నాలుగుకో తగ్గించే ఉపాయం ఒకటుంది. ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టి ఫిల్టర్ నుంచి స్పాంజ్ ముక్కో, గుప్పెడు రాళ్లో తెచ్చి కొత్త ఫిల్టర్‌లో పెట్టాలి. పాలకు పెరుగు తోడుపెట్టినట్టే ఇది. దారిలో ఆరిపోకుండా తొట్టి నీటిలోనే ముంచి తేవాలి, వచ్చిన వెంటనే ఫిల్టర్‌లో పెట్టాలి. హార్న్‌వర్ట్ లాంటి వేగంగా పెరిగే నీటి మొక్కలు కూడా అమ్మోనియాను పీల్చుకుంటాయి. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్నేరియా మొక్క, నత్తలు కలిపి ఒక తొట్టిని నిలకడగా నడిపిన తన ప్రయోగాన్ని కెమికల్ సొసైటీ ముందు ఉంచాడు. ఇంటి అక్వేరియం చరిత్రలో అదొక మొదలు. మొక్క విలువ అప్పటినుంచీ తెలిసినదే.

ఫిల్టర్ స్పాంజ్ మురికి పట్టిందని కుళాయి కింద పిండితే నెల కష్టం ఒక్క నిమిషంలో పోతుంది. తొట్టిలోంచి తీసిన నీటిలోనే మెల్లగా జాడించాలి. ఫిల్టర్ రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండాలి. ఇంకో జాగ్రత్త ఇక్కడి నీటికి ప్రత్యేకం. ఒక పాలు అమ్మోనియా నత్రజనిని మార్చడానికి బ్యాక్టీరియా సుమారు ఏడు పాళ్ల సున్నపు గుణాన్ని ఖర్చుచేస్తుంది. ఖనిజాలు తక్కువున్న నీటిలో ఆ నిల్వ తరిగిపోతే పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది, బ్యాక్టీరియా పని మందగిస్తుంది. ష్లోసింగ్, మ్యూంజ్ గొట్టంలో సున్నపురాయి పొడి ఉండటం ఇందుకే మేలైంది. ఫిల్టర్‌లో చిన్న సంచిలో నలగ్గొట్టిన పగడపు రాళ్లు ఉంచితే తొట్టికి అదే రక్ష.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఇక్కడి తెలుగువారికి పెద్ద ప్రశ్న. జూలై, ఆగస్టుల్లో బడులకు సెలవులు, కుటుంబాలు ఊళ్లకు వెళతాయి. వెళ్లేముందు మెయిన్ స్విచ్ కట్టేయడం చాలామందికి అలవాటు. దాంతో ఏసీతోపాటు ఫిల్టర్ కూడా ఆగిపోతుంది. జూన్‌లో పెట్టిన తొట్టి పక్వానికి రాకముందే దిక్కులేనిదవుతుంది. సెలవుల నుంచి తిరిగొచ్చాక, అక్టోబర్‌లో మొదలుపెడితే ఎండలు తగ్గుతాయి, కుళాయి నీళ్లు చల్లబడతాయి, మళ్లీ సెలవులొచ్చేలోగా తొట్టి నిలదొక్కుకుంటుంది. వేసవిలో ఊరెళ్లక తప్పదంటే ఏసీనీ ఫిల్టర్‌నూ నడిపించే నమ్మకమైన మనిషిని ముందే చూసుకోవాలి.

ఇంత శ్రమ ఒక గాజు తొట్టి కోసమా అని అడిగేవారికి నా సమాధానం ఇది. ఎడారి దేశమైనా యూఏఈకి మంచినీటి చేపల సంపద ఉంది. ఫుజైరాలోని వాదీ వురయ్యా మడుగుల్లో గర్రా అనే చిన్న చేపలు బతుకుతున్నాయి. 2009లో రక్షిత ప్రాంతమైన ఆ లోయ, మరుసటి ఏడాది రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. అక్కడ రాళ్లమీది పొరా, ప్రవాహమూ, మొక్కలూ కలిసి చేసే పనిని తొట్టిలో మనం చేతులారా నిలబెట్టాలి. ఆ పని చేసిన పిల్లలకు నీరంటే కేవలం కుళాయిలో వచ్చేది కాదని అర్థమవుతుంది. అమ్మోనియా పరీక్ష సీసాలో పసుపు రంగు ఆకుపచ్చకు తిరిగితే బకెట్ అందుకోవాలని తెలుసుకుంటారు. రోజూ అంకెలు రాసిన నోటుపుస్తకం వారికి రసాయనశాస్త్రపు తొలి పాఠమవుతుంది. అక్కరలేని చేపను ఏ వాదీలోనూ వదలకూడదని, దానివల్ల అక్కడి సొంత చేపలకు ముప్పని కూడా వారికి అప్పుడే చెప్పాలి.

మనం ఇంటికి తెచ్చుకున్న ప్రాణి తన నీటిని తాను ఎంచుకోలేదు. ఆ బాధ్యత మొదటి రోజునుంచే మనది. తొట్టి పక్వానికి వచ్చాక ఫిల్టర్‌లో అదనంగా ఒక స్పాంజ్ ముక్క ఎప్పుడూ ఉంచుకోండి. పక్క ఫ్లాట్‌లోనో, తెలుగు సంఘం వేడుకలోనో ఎవరైనా కొత్త తొట్టి పెట్టామని చెబితే ఆ ముక్కను తడి ఆరకుండా వారి చేతికివ్వండి. నీళ్లు ఎలా మార్చాలో దగ్గరుండి చూపండి. వారి చేపలకు ఆ ఆరు వారాల కష్టం చాలా తగ్గుతుంది, ఈ విద్య మరో ఇంటికి చేరుతుంది.