చెన్నపట్టణ నామము - దామెర్లవారి సాక్ష్యము

స్థలనామములును వంశనామములును చరిత్రకు సాక్ష్యములందురు. ఐనను సాక్షి చెప్పినదెంత, మనము చెప్పించినదెంత అని విచారింపవలెను. 1911లో ఐదవ జార్జి పేర జార్జి టౌన్ అయిన ప్రాంతమున నివసించు తెలుగువారికి ఈ విచారణ ఆవశ్యకము.

1639లో ఈ తీరమున కోట కట్టుకొనుటకు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే, దామెర్ల వేంకటప్ప నాయకునివలన అనుమతిపత్రము పొందెను. కోటకు ఉత్తరమున వెలసిన ఊరికి ఆ నాయకుని తండ్రియగు చెన్నప్ప పేర చెన్నపట్టణమను పేరు కలిగెనని ప్రసిద్ధి. వేంకటప్ప సోదరుడగు అంకభూపాలుడు ఉషాపరిణయమున వేరొక కథనము చెప్పెను: పులికాటు డచ్చివారికిని, మైలాపురపు పోర్చుగీసువారికిని కలహము మాన్పుటకై అయ్యప్ప ఈ పట్టణమును తండ్రి పేర నిలిపెనట. పత్రమున వేంకటప్ప, కావ్యమున అయ్యప్ప. కావ్యము తండ్రికి అంకితము; వంశకీర్తి దాని ప్రయోజనము. కావున స్థలమిచ్చినదెవరను విషయమున పత్రమే ప్రబలము. పేరెవరిదను విషయమున ఇంటివారి మాటకు విలువ హెచ్చు.

చెన్నకేశవస్వామివలన ఈ పేరు వచ్చెనని మరియొక వాదము. ఆ స్వామి ఆలయము పాత ఊరిలో కూల్చబడి, నేటి జార్జి టౌనులో తిరిగి కట్టబడినది. ‘చెన్ను’ అనగా అందము. చెన్నప్ప, చెన్నకేశవుడు అను రెండు పేర్లును ఆ మాటనుండియే పుట్టినవి. కనుక వ్యుత్పత్తి యొక్కటే ఈ వివాదమును తీర్పజాలదు.

ఇట్టి చిక్కు ఐరోపాయందును కలదు. ఫ్రాంకుల రాజ్యమున 751లో సింహాసనమెక్కినవాడు పిప్పిన్. ఐనను అతని వంశము కరోలింజియన్ అనబడుచున్నది. చార్లెస్ అను పేరునకు లాటిను రూపమగు ‘కరోలస్’ దీనికి మూలము. పిప్పిన్ తండ్రి చార్లెస్ మార్టెల్ రాజు కాలేదు. కుమారుడు చార్లెమేన్ 800లో చక్రవర్తియయ్యెను. తొలిరాజు పేరు మాత్రము వంశమునకు రాలేదు. స్లావు భాషలలో రాజును తెలుపు ‘క్రాల్’ వంటి మాటలును చార్లెమేన్ పేరునుండియే వచ్చినవందురు. పేరు తన యజమానిని దాటి పోవుననుటకు ఇది నిదర్శనము.

1953లో ఆంధ్రరాష్ట్రము ఈ పట్టణము లేకయే ఏర్పడెను. 1996లో చెన్నై అనునది అధికారనామమయ్యెను. అందును ‘చెన్న’ నిలిచియున్నది. చెన్నప్ప పేరును హక్కుపత్రముగ చూపుట అతివాదము. దానిని మరచుట అంతకు మించిన లోపము. కుమారులు తండ్రిని తలచిరని ఆ పేరు చెప్పుచున్నది. ఆ తలపును తెలుగున పలికిన కావ్యమును చదువువారు లేనిచో సాక్షి యుండియు మూగవోవును.