ఆరభా, దేవగాంధారా?

కర్ణాటక సంగీతం కొత్తగా నేర్చుకుంటున్న వాళ్ళను తికమకపెట్టే జంట ఇది. పుస్తకం తిరగేస్తే తికమక తీరదు సరికదా, ముదురుతుంది. రెండూ 29వ మేళకర్త ధీరశంకరాభరణానికి పుట్టినవే. ఎక్కేటప్పుడు స రి మ ప ధ స, దిగేటప్పుడు స ని ధ ప మ గ రి స. అక్షరం తేడా లేదు!

తేడా అంతా నడకలో ఉంది. ఆరభిది చురుకు నడక; గాంధార నిషాదాలను అలా తాకి దిగిపోతుంది. దేవగాంధారి ఆ రెండు స్వరాల మీదా తీరిగ్గా నిలిచి, ఊగి, కదులుతుంది. త్యాగరాజు (1767-1847) ఘనరాగ పంచరత్నాల్లోని ‘సాధించెనే’ ఆరభి; ‘క్షీరసాగర శయన’ దేవగాంధారి. ఈ రెండూ వెంటవెంటనే విన్నవాళ్ళకు లక్షణగీతంతో పనిలేదు.

ఆ ఊపుకీ జారుకీ కలిపి పేరు గమకం. తోడి రాగంలోని సాధారణ గాంధారాన్ని హార్మోనియం మీద నొక్కి ఊరుకుంటే స్వరం పలుకుతుంది, తోడి పలకదు. విద్వాంసుల గొంతులో అదే గాంధారం ఒక్కచోట నిలవదు. అటు రిషభానికీ ఇటు మధ్యమానికీ నడుమ ఊగుతూ ఉంటుంది.

ఇదంతా పెద్ద చదువు, పిల్లలకెందుకు అనుకోనక్కర్లేదు. పురందరదాసు ఏర్పరచాడని చెప్పుకునే పాఠక్రమం మాయామాళవగౌళలో సరళీ స్వరాలతో మొదలవుతుంది. స రి గ మ, ప ధ ని స అనే రెండు సగాలూ ఒకే ఎడంలో అమరిన రాగమది. ఒక సగం పట్టుబడితే రెండోదీ కుదురుతుంది. సరళిలో స్వరం నిలకడగా ఉంటే చాలు. జంట స్వరాలకు రాగానే మాత్రం, జంటలో రెండో స్వరాన్ని కింది స్వరం నుంచి విసిరి నొక్కి పలకమంటారు. అదే స్ఫురితం. పేరు తెలియకుండానే పిల్లలు తొలి గమకం నేర్చేస్తారు.

దీన్ని కాగితం మీద పట్టాలని పూనుకున్నవారిలో సుబ్బరామ దీక్షితులు ముఖ్యులు. 1904లో తమిళనాట ఎట్టయపురంలో అచ్చయిన ఆయన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో ఉంది. ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండు వందలకు పైగా అందులో గమక చిహ్నాలతో దొరుకుతాయి. కంపితానికి అలలాంటి గీత, జారుకు ఏటవాలు గీత, ఇలా ఒక్కోదానికి ఒక్కో గుర్తు.

ఎంత ఓపికో! అయినా ఊపు ఎంతసేపుండాలో, ఎంత లోతుకు వెళ్ళాలో గీత చెప్పలేదు. అమెరికాలోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠం చెప్పే టీచర్లు స్వరం రాసిన కాగితంతో పాటు తాము పాడిన ఆడియో కూడా పంపేది అందుకే.